హార్మోనియం ఎద్దు

తెల్లటి ఒళ్లు, ఎత్తయిన మూపురం, మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు. ఫొటో చూసిన ఎవరికైనా ‘అరె, మన ఒంగోలు ఆవే!’ అనిపిస్తుంది. పేరు వియాతినా-19. ఉండేది బ్రెజిల్‌లో. బరువు 1,101 కిలోలు. 2023 జూన్‌లో అక్కడి అరందూ పట్టణంలో జరిగిన వేలంలో ఈ ఆవును అమ్మారు. ఆవును అంటే మొత్తం ఆవును కాదు, అందులో మూడో వంతు వాటాను! ఆ వాటా పలికిన ధరను బట్టి లెక్కేస్తే ఆవు మొత్తం విలువ 43 లక్షల డాలర్లు దాటింది. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. తెలుగు పేపర్లు, ఛానళ్లు బొమ్మ వేసి మరీ మురిసిపోయాయి.

మురిసిపోవడంలో తప్పులేదు. కాకపోతే ఆ ఆవును చూసి బ్రెజిల్ పశువుల పెంపకందార్లంతా కోట్లలో దొర్లుతున్నారనుకోవడం, హీరో పారితోషికం విని జూనియర్ ఆర్టిస్టు జీతాన్ని అంచనా కట్టడం లాంటిది. ఆ దేశంలో 2023 లెక్కల ప్రకారం 23 కోట్ల 80 లక్షలకు పైగా పశువులున్నాయి. వాటిలో సింహభాగం ఒంగోలు వారసులే. వాటిని మాంసం కోసమే పెంచుతారు. ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ గొడ్డు మాంసం ఎగుమతి చేసేది బ్రెజిలే. మరి ఇంత పెద్ద వ్యాపారంలో మామూలు రైతుకు మిగిలేదెంత? చాలాచోట్ల మిగిలేది కొద్దిగానే. ఆ కొద్దీ పెరగాలంటే ఏం చేయాలన్నది అక్కడి శాస్త్రవేత్తలు, రైతులు నలభై ఏళ్లకు పైగా వెతుకుతున్న ప్రశ్న. జవాబు ఆవు జాతిలో కన్నా దాని కాళ్ల కింద ఉన్న గడ్డిలోనూ, రైతు జేబులోని లెక్కల పుస్తకంలోనూ ఎక్కువగా దొరికింది.

ఊరు పేరు పోయి జిల్లా పేరు మిగిలింది

ఒంగోలు జాతిని బ్రెజిల్‌లో ‘నెలోర్’ అంటారు. అంటే నెల్లూరే. ఒంగోలు ప్రాంతం పంతొమ్మిదో శతాబ్దంలో నెల్లూరు జిల్లాలో భాగం కాబట్టి ఆ పేరు స్థిరపడింది. 1878లో రియో డి జనీరో ప్రాంతానికి చెందిన ఒక పెంపకందారు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఈ జాతి జంటను చూసి ముచ్చటపడి కొనుక్కెళ్లాడని అక్కడి జాతి చరిత్ర చెబుతుంది. జంతుప్రదర్శనశాలలో... అంటే ఐరోపా వాళ్లకు మన ఎద్దు అప్పటికి సింహం, ఏనుగుల సరసన చూడాల్సిన వింత!

తర్వాత కొన్ని దశాబ్దాలు ఓడల మీద ఓడలు వెళ్లాయి. 1921లో బ్రెజిల్‌లో ముసర వ్యాధి బయటపడింది. దిగుమతి పశువులతోనే వచ్చిందని తేలడంతో ప్రభుత్వం తలుపులు మూసేసింది. 1930లో ఒకసారి, 1960ల మొదట్లో మరోసారి మాత్రం మినహాయింపు ఇచ్చింది. చివరి విడత పశువులను అట్లాంటిక్ మధ్యలో ఉన్న ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో దించి, జబ్బులేమీ లేవని తేలాకే ప్రధాన భూమికి పంపారు. ఆ విడతలోనే ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు పెట్టుకున్న ఆబోతు కూడా వెళ్లింది. ఇవాళ నెలోర్ వంశవృక్షాలు తిరగేస్తే ‘కర్వాది’ అన్న పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. వెళ్లినవి వేలల్లో, అయినవి కోట్లలో.

ఎందుకు నిలబడ్డాయంటే, ఎండను తట్టుకోవడం, గోమార్లను (పిడుదులను) పెద్దగా లెక్కచేయకపోవడం, ముతక గడ్డి తిని కూడా బతకడం. ఇక్కడ నాగలి లాగడానికి పనికొచ్చిన గుణాలే అక్కడ మాంసం వ్యాపారానికి పునాది అయ్యాయి. ఈ మాట చదవడానికి మనకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. సంక్రాంతికి బండలాగుడు పందేల్లో పసుపు కుంకుమలతో నిలబెట్టే జాతి అది. కానీ ఆ దేశంలో దాని జీవితం వేరు, లెక్క వేరు.

ఉబ్బుతుంది... ముడుచుకుంటుంది

బ్రెజిల్ నడిబొడ్డున ‘సెరాదో’ అనే విశాలమైన మైదానం ఉంది. పొట్టి చెట్లు, ఎర్రమట్టి, పులుపెక్కిన నేల. పశువుల్లో పెద్ద భాగం అక్కడే. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, మే నుంచి సెప్టెంబరు దాకా చుక్క పడదు. ఏడాది గడ్డిలో ఎక్కువ భాగం వానలున్న ఆ ఏడు నెలల్లోనే వస్తుంది.

దాంతో ఎద్దు ఏం చేస్తుంది? వానల్లో మేసి కండ పడుతుంది. ఎండల్లో ఆ కండనే కరిగించుకు తింటుంది. మళ్లీ వానలు రాగానే మళ్లీ ఉబ్బుతుంది. ఇలా ఉబ్బి, ముడుచుకుని, ఉబ్బి, ముడుచుకునే పశువుకు అక్కడి వాళ్లు ‘బోయ్ సన్‌ఫోనా’ అని పేరు పెట్టారు. సన్‌ఫోనా అంటే మెడకు తగిలించుకుని వాయించే అకార్డియన్. మన భాషలో చెప్పాలంటే హార్మోనియం ఎద్దు!

పేరు సరదాగా ఉన్నా, రైతును ముంచేది ఆ ఎద్దే. ఒక చిన్న లెక్క చూద్దాం. పాలు మాన్పించేసరికి కోడెదూడ 180 కిలోలుందనుకోండి. 480 కిలోలకు చేరితేనే అమ్మకం. అంటే ఇంకా 300 కిలోలు పెరగాలి. వానల ఏడు నెలల్లో రోజుకు అర కిలో చొప్పున సుమారు 105 కిలోలు పెరుగుతుంది. ఎండల ఐదు నెలల్లో రోజుకు 200 గ్రాముల చొప్పున 30 కిలోలు తగ్గుతుంది. ఏడాదికి మిగిలింది 75 కిలోలు. 300 కిలోలకు నాలుగేళ్లు. అప్పటికే ఎనిమిది నెలల దూడ కదా, మొత్తం కలిపి అయిదేళ్లకు దగ్గర.

ఇప్పుడు అదే ఎద్దు ఎండల్లో 30 కిలోలు తగ్గకుండా, రోజుకు 200 గ్రాముల చొప్పున 30 కిలోలు పెరిగితే? ఏడాదికి 135 కిలోలు. 300 కిలోలకు రెండేళ్ల మూడు నెలలు చాలు. మూడేళ్ల లోపే సంతకు సిద్ధం. వానాకాలంలో ఏమీ మార్చలేదు. జాతి మార్చలేదు. మారింది ఎండాకాలం ఒక్కటే. దాదాపు రెండేళ్ల మేత, ఉప్పు, టీకాలు, కాపలా, బ్యాంకు వడ్డీ ఆదా అయ్యాయి. అదే పొలంలో ఆ రెండేళ్లూ మరో ఎద్దు మేస్తుంది.

వయసుకు ఇప్పుడు ఇంకో లెక్క కూడా చేరింది. బ్రెజిల్ మాంసానికి అన్నిటికన్నా పెద్ద కొనుగోలుదారు చైనా. తమకు అమ్మే మాంసం ముప్పై నెలలు దాటని పశువుదై ఉండాలన్నది ఆ దేశం పెట్టిన షరతు. ఆ షరతుకు తగిన పశువుకు అక్కడి సంతల్లో ‘బోయ్ చైనా’... చైనా ఎద్దు అని పేరే వచ్చేసింది. దానికి మామూలు పశువు కన్నా కాస్త ఎక్కువ ధర కడతారు. హార్మోనియం ఎద్దుకు ఆ గుమ్మం దాటే యోగం లేదు.

కడుపు నిండా ఆకలి

ఎండాకాలంలో పొలంలో గడ్డే ఉండదా అంటే, ఉంటుంది. మోకాళ్లెత్తున ఎండి గలగలలాడుతూ ఉంటుంది. పశువు మేస్తూనే ఉంటుంది. అయినా చిక్కిపోతుంది. కొత్తవాళ్లకు అర్థంకాని విషయం ఇదే.

పశువు గడ్డిని జీర్ణం చేసుకోదు, దాని పెద్ద పొట్టలో ఉండే కోట్లాది సూక్ష్మజీవులు చేసి పెడతాయి. ఆ జీవులకు నత్రజని కావాలి, అంటే మేతలో మాంసకృత్తులు ఉండాలి. గడ్డిలో అవి ఏడు శాతం కన్నా తగ్గాయంటే సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. గడ్డి పొట్టలోనే ఎక్కువ సేపు నిలిచిపోతుంది. పొట్ట నిండుగా ఉండటంతో పశువు ఇంకా మేయదు. చూసేవాళ్లకు కడుపు నిండింది, ఒంటికి మాత్రం పస్తు. ఎండిన సెరాదో గడ్డిలో మాంసకృత్తులు ఆ ఏడు శాతానికి చాలా కిందనే ఉంటాయి.

దీనికి అక్కడి రైతులు వాడే మందు ‘ప్రొటీన్ ఉప్పు’. మామూలు ఖనిజ లవణాల మిశ్రమంలో కొంత యూరియా, కొంత సోయా లేదా పత్తి పిండి, కొంత మొక్కజొన్న కలిపి తొట్టెల్లో పోస్తారు. ఉప్పు ఉండటం వల్ల పశువు ఒకేసారి మెక్కేయకుండా కొద్దికొద్దిగా నాకుతుంది. కిలో ఒంటి బరువుకు రోజుకు ఒక గ్రాము... అంటే 300 కిలోల పశువుకు 300 గ్రాములు. అంత చిన్న మోతాదుతోనే పొట్టలోని సూక్ష్మజీవులు మళ్లీ పనిలో పడతాయి, ఎండుగడ్డి అరుగుతుంది, పశువు బరువు నిలబెట్టుకుంటుంది, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. అయితే పొలంలో ఎండుగడ్డంటూ ఉండాలి. గడ్డి లేని చోట ఈ ఉప్పు పోయడం, బియ్యం లేని ఇంట్లో పోపు పెట్టుకోవడమే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అకాల వర్షం పడి తొట్టెలో నీళ్లు నిలిస్తే యూరియా ఆ నీళ్లలో కరుగుతుంది. దాహంతో వచ్చిన పశువు ఆ నీళ్లు తాగిందంటే గంటల్లో ప్రాణం పోతుంది. అందుకే తొట్టెలకు పైకప్పు వేస్తారు, అడుగున చిల్లులు పెడతారు, ఒకవైపుకు వాలుగా నిలబెడతారు. యూరియాను అలవాటు లేని పశువులకు మొదటిరోజే పూర్తి మోతాదు ఇవ్వరు. వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుతారు. చవక మందే, కానీ చేతివాటంగా కలిపేది కాదు.

ఆఫ్రికా నుంచి వచ్చిన కబురు

ఎద్దు మనది. మరి గడ్డి ఎవరిది? ఆఫ్రికాది. సెరాదో పశువులు మేసేది ఎక్కువగా బ్రాకియారియా జాతి గడ్డి. (శాస్త్రవేత్తలు ఈ మధ్య పేరు మార్చి యూరోక్లోవా అంటున్నారు. రైతులు మాత్రం పాత పేరు వదల్లేదు.) మొదట డికంబెన్స్ రకం వచ్చింది. పులుపు నేలల్లోనూ పెరుగుతుందని దేశమంతా వేశారు. దాని రసం పీల్చే ఓ పురుగు పడేసరికి వేల ఎకరాలు పసుపెక్కి ఎండిపోయాయి. అప్పుడు బ్రెజిల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ‘ఎంబ్రాపా’ జింబాబ్వే నుంచి వచ్చిన గడ్డిలోంచి ఆ పురుగును తట్టుకునే రకాన్ని ఎంపిక చేసి 1984లో విడుదల చేసింది. పేరు మరాందు. స్థానిక గ్వారనీ భాషలో ఆ మాటకు ‘కబురు’ అని అర్థం. మంచి కబురే. కోట్ల హెక్టార్లకు పాకింది. ఎంతగా అంటే, దేశమంతా ఒకే గడ్డి అయిపోయింది. అమెజాన్ అంచుల్లో నీరు నిలిచే నేలల్లో మరాందు దుబ్బులు దుబ్బులుగా చచ్చిపోవడం మొదలయ్యాక గానీ ఒక్కదాని మీదే ఆధారపడటం ఎంత ప్రమాదమో తెలియలేదు. ఆ తర్వాత పియతాన్, పయగువాస్ లాంటి కొత్త రకాలు, గినీ గడ్డిలో మొంబాసా, జూరీ రకాలు వచ్చాయి.

రకం ఏదైనా, దాన్ని ఎప్పుడు మేపాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే అసలు విద్య. ఎంబ్రాపా ఇందుకోసం ఒక స్కేలు తయారు చేసింది. గడ్డి పక్కన నిలబెట్టి కొలిచే బద్ద. దాని మీద ఒక్కో రకానికి రెండు గీతలు. పైగీత దాకా గడ్డి పెరిగితే పశువులను లోపలికి వదలాలి. కింది గీతకు దిగగానే బయటికి తోలేయాలి. మరాందుకు సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర వదిలి, 15 దగ్గర తీసేయాలి. మొంబాసా ఎత్తు మనిషి, దానికి 90 దగ్గర వదిలి 40 దగ్గర తీసేయాలి.

ఈ అంకెలు గాల్లోంచి రాలేదు. గడ్డి మరీ ఎత్తుకు పోతే పై ఆకుల నీడలో కింది ఆకులు చచ్చిపోతాయి, కాడ ముదురుతుంది, పశువు ముక్కుతో వాసన చూసి వదిలేస్తుంది. మరీ కిందికి మేపేస్తే మళ్లీ చిగురు వేయడానికి ఆకే మిగలదు. మొక్క వేళ్లలో దాచుకున్న శక్తిని ఖర్చుపెట్టి చిగురిస్తుంది. చిగురించగానే మళ్లీ మేస్తారు. రెండు మూడేళ్లు ఇలా సాగితే దుబ్బులు పలచబడి మధ్యలో బోడి నేల కనిపిస్తుంది. అక్కడ కలుపు మొలుస్తుంది, చెదపుట్టలు లేస్తాయి, వానకు మట్టి కొట్టుకుపోతుంది. రైతేమో ‘విత్తనం మంచిది కాదు’ అంటాడు.

పొలాన్ని ఎన్ని మడులుగా కంచె వేయాలి, ఒక్కో మడిలో ఎన్ని రోజులు మేపాలి అని క్యాలెండర్ చూసి నడిపేవాళ్లూ ఉన్నారు. కానీ గడ్డి క్యాలెండర్ చూసి పెరగదు. జనవరి వానల్లో మూడు వారాల్లో లేచే గడ్డికి ఏప్రిల్‌లో ఆరు వారాలు పట్టవచ్చు. అందుకే తేదీని కాకుండా ఎత్తును చూడమంటారు. అందరికన్నా చవక పరికరం ఆ బద్దే. అందరికన్నా తక్కువగా వాడేదీ అదే!

మూసిన గేటు

గడ్డి ఉన్నప్పుడు అందరూ మేపుతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అంటే వానలు ఇంకా పడుతూ గడ్డి పచ్చగా ఉన్నప్పుడు, పొలంలో కొంత భాగానికి గేటు మూసేయడం కష్టమైన పని. పశువులు కంచె దగ్గర నిలబడి అటే చూస్తుంటాయి. పక్క పొలం వాడు నవ్వుతాడు. అయినా మూసేస్తారు. ఆ మడి జూన్ దాకా తీయరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ నిలవ గడ్డీ, పైన చెప్పుకున్న ప్రొటీన్ ఉప్పూ కలిస్తేనే హార్మోనియం ముడుచుకోకుండా ఉంటుంది. దీనికి సన్న కాడ ఉండే బ్రాకియారియాలే పనికొస్తాయి. మొంబాసా లాంటివి అప్పటికి వెదురు కర్రల్లా తయారవుతాయి.

ఇంకా తెలివైన పద్ధతి ఒకటుంది. మొక్కజొన్నతో పాటే బ్రాకియారియా విత్తనం కూడా వేసేస్తారు. మొక్కజొన్న నీడలో గడ్డి నెమ్మదిగా, పెద్దగా పోటీపడకుండా పెరుగుతుంది. కంకులు కోసేసి ఎండ పడగానే ఒక్కసారిగా లేస్తుంది. సోయా కోశాక ఫిబ్రవరి ప్రాంతంలో వేసే రెండో పంట మొక్కజొన్నలో ఇలా చేస్తే, అందరి పొలాలూ ఎండిపోయే జూలైలో ఇక్కడ పచ్చగడ్డి సిద్ధం. వేళ్లు నేలను గుల్ల చేస్తాయి, పై గడ్డి తర్వాతి సోయాకు కప్పుగా పనికొస్తుంది. 2000 ప్రాంతంలో ఎంబ్రాపా ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి, మొదట చేసి చూసిన పొలం పేరు మీద ‘సాంతా ఫే’ అని పేరు. జొన్నలో అలసందలో, కందిలో అంతరపంటలో వేసుకునే మన రైతుకు ఇందులో పెద్ద వింతేమీ కనిపించదు. వింతల్లా పక్కపంటగా గడ్డి వేయడమే.

ఖాళీ ఆవు లెక్క

ఎద్దు సంగతి సరే, ఎద్దును ఈనే ఆవు సంగతి? రైతు లాభం పోయేది అసలు ఇక్కడ.

వంద ఆవులున్న మందను తీసుకుందాం. పాలు అమ్మే వ్యాపారం కాదు కాబట్టి ఆవు ఏడాదికి ఇచ్చే ఆదాయం ఒక్క దూడే. వంద ఆవులకు అరవై దూడలు పాలు మానే దశకు చేరితే, ఒక్కో దూడ మీద ఒకటీ ముప్పావుకు కాస్త తక్కువ ఆవుల ఖర్చు పడుతుంది. ఎనభై దూడలు చేరితే ఒకటింపావు ఆవు ఖర్చే. అంటే దూడ తయారీ ఖర్చులో నాలుగో వంతు మాయం. ఒక్క హెక్టారు కొనలేదు, ఒక్క ఆవు పెంచలేదు. ఖాళీగా ఉన్న ఆవు కూడా చూడి ఆవుతో సమానంగా మేస్తుంది. కాకపోతే అది మేసే గడ్డి రశీదు ఎవరూ రాయరు. అందుకే ఆ నష్టం కనిపించదు.

ఆవులు ఎందుకు ఖాళీగా మిగులుతాయి? ఈ జాతి ఆవు సుమారు 290 రోజులు మోస్తుంది. ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 75 రోజుల్లోపే మళ్లీ చూడి కట్టాలి. దూడ పొదుగు చీకుతున్నంత కాలం, అందులోనూ ఆవు చిక్కి ఉంటే, అది ఎదకే రాదు. తన ఒంట్లో లేనిది ఇంకో ప్రాణానికి ఎక్కణ్నుంచి తెస్తుంది? కాబట్టి ఈనే నాటికి పక్కటెముకలు తేలకుండా ఉండటం ముఖ్యం. ఈనేది ఆగస్టు, సెప్టెంబరుల్లో... అంటే ఎండాకాలం చివర్లో. అంటే ఫిబ్రవరిలో మూసిన గేటే వచ్చే ఏడాది దూడను కూడా నిర్ణయిస్తోందన్నమాట.

ఇక కాలం పాటించడం. వెనక ఏడాది పొడవునా ఆబోతులు మందలోనే తిరిగేవి. ఏ ఆవు ఎప్పుడు ఈనుతుందో, ఏ దూడ ఎండల్లో పుట్టి వానల్లో జబ్బు పడుతుందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మంచి మందల్లో ఆబోతులను నవంబరు నుంచి జనవరి దాకా మూడు నెలలే వదులుతారు. దాంతో దూడలన్నీ ఆగస్టు మధ్య నుంచి నవంబరు మధ్య లోపు పుడతాయి. ఆవుకు పాలు ఎక్కువ కావాల్సిన సమయానికి వానలొచ్చి లేతగడ్డి లేస్తుంది. దూడలన్నీ ఒకే ఈడువి కాబట్టి టీకాలు, పాలు మాన్పించడం, అమ్మకం అన్నీ ఒకేసారి. పాతిక, ముప్పై ఆవులకు ఒక ఆబోతు లెక్క. సీజనుకు ముందే పశువైద్యుడు ఆబోతును పరీక్షించాలి. చూడ్డానికి కొండలా ఉండి వీర్యంలో సత్తా లేని ఆబోతు ఒక్కటున్నా పాతిక ఆవుల ఏడాది పోయినట్టే.

పెద్ద మందలు కృత్రిమ గర్భధారణకు మళ్లాయి. మందలో ఏ ఆవు ఎదకొచ్చిందో కాచుకు కూర్చోకుండా, హార్మోన్లతో కూడిన చిన్న పరికరాన్ని లోపల ఉంచి, ఎనిమిదో రోజు తీసేసి, పదో రోజు అన్నిటికీ ఒకేసారి సూది వేస్తారు. ఏటా ఆ దేశంలో రెండు కోట్లకు పైగా ఇలా జరుగుతున్నాయి. కొందరు ఆంగస్ వీర్యం వాడి సంకర దూడలు తీస్తున్నారు. ఇదంతా ఒళ్లున్న ఆవు మీదే పనిచేస్తుంది. చిక్కిన ఆవుకు ఎన్ని సూదులు వేసినా సూది ఖర్చే మిగులుతుంది.

సీజను ముగిశాక పరీక్ష చేసి, ఖాళీగా తేలిన ఆవులను ఏప్రిల్, మే నెలల్లో అమ్మేస్తారు. అప్పటికి అవి వానాకాలపు మేతతో బలిసి ఉంటాయి, ధర వస్తుంది. అవి వెళ్లిపోతే ఎండాకాలపు గడ్డి చూడి ఆవులకు మిగులుతుంది. అక్కడి రైతుకు ఇదే అన్నిటికన్నా తేలికైన నిర్ణయం. మనకు అన్నిటికన్నా కష్టమైనది. మన దగ్గర వట్టిపోయిన ఆవును కోతకు అమ్మడమంటే మనసొప్పని పని, కోతకు చట్టమూ ఒప్పుకోదు. గోవధను నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లోనే చట్టం వచ్చింది. కాబట్టి ఆ దారిని దించుకోవాల్సిన అవసరం లేదు. పరీక్ష మాత్రం దించుకోవచ్చు. సూది వేయించిన గేదె చూడి కట్టిందో లేదో మూడు నెలలకల్లా చూపించుకోకుండా, ‘కట్టే ఉంటుందిలే’ అని ఆరు నెలలు దాణా పెట్టే ఇళ్లు మనకు తక్కువా?

ఎముకలు కొరికే ఆవులు

ఒక చిన్న విషయం. సెరాదో నేలల్లో భాస్వరం లోపం. నేలలో లేనిది గడ్డిలో ఉండదు, గడ్డిలో లేనిది ఆవు ఒంట్లోకి రాదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఆవులు పొలంలో పడి ఉన్న చచ్చిన పశువుల ఎముకలు కొరుక్కుతింటాయి. ఆ ఎముకల్లోని విషంతో బొట్యులిజం అనే పక్షవాతం వచ్చి కూలబడతాయి. తొట్టెలో భాస్వరం ఉన్న ఖనిజ మిశ్రమం పెట్టడం, కళేబరాలను పొలంలో వదలకపోవడం, టీకా వేయడం... ఈ మూడూ చేసిన చోట ఆ చావులు బాగా తగ్గాయి. అలాగే గడ్డి పొలానికి సున్నం, భాస్వరం వేయాలన్న ఆలోచన కూడా చాలా ఆలస్యంగా వచ్చింది. ‘పంటకైతే ఎరువు వేస్తాం, గడ్డికి కూడానా?’ అన్నది అక్కడి పాత మాట. ఇక్కడి కొత్త మాట కూడా!

అడవి నరికితే చవక

ఇన్ని ఉపాయాలున్నా బ్రెజిల్‌లో పచ్చికబయళ్లు అన్నీ పచ్చగా లేవు. దేశంలో సుమారు 16 కోట్ల హెక్టార్ల బయళ్లుంటే, సగానికి పైగా ఏదో ఒక స్థాయిలో దెబ్బతిన్నవే. కారణం కాస్త చేదుగా ఉంటుంది. పాడైన బయలును దున్ని, సున్నం వేసి, ఎరువు వేసి, మళ్లీ విత్తనం చల్లడం కన్నా, ఇంకొంచెం ముందుకెళ్లి అడవి నరికి తగలబెట్టి బూడిదలో విత్తనం చల్లడం ఎన్నో ఏళ్లు చవకగా ఉండింది. అమెజాన్ అడవి పోయిన చోట ఎక్కువ భాగం ఇవాళ పశువులే మేస్తున్నాయి. గడ్డి నిర్వహణ అన్నది రైతు ఇంటి లెక్క మాత్రమే కాకుండా పోయింది అందుకే.

2023 డిసెంబరులో బ్రెజిల్ ప్రభుత్వం పదేళ్లలో నాలుగు కోట్ల హెక్టార్ల దాకా పాడైన బయళ్లను మళ్లీ పనికొచ్చేలా మార్చే కార్యక్రమాన్ని ప్రకటించింది. ఎంబ్రాపా శాస్త్రవేత్తలు పంటలకు తగిన పాడు బయళ్లు రెండు కోట్ల 80 లక్షల హెక్టార్లున్నాయని గుర్తించారు. అడవి నరికిన నేల నుంచి వచ్చిన మాంసం, సోయా కొనబోమంటూ ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. అమలు మాత్రం ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది. ఉన్న నేలలోనే రెట్టింపు పశువులు మేస్తే అడవి జోలికి పోనక్కర్లేదన్నది అందరూ చెప్పే మాట. వినడానికి బాగుంది. కానీ పశువుల్లో లాభం పెరిగే కొద్దీ ఇంకా నేల కావాలనిపించేవాళ్లూ ఉంటారు. చట్టం కాపలా కాయకపోతే మంచి గడ్డి కూడా అడవి వైపే పాకుతుంది.

కాలవ గట్టు మీద పారా

ఈ కథలో మనకు రావాల్సింది ఒకటి ఎప్పుడో వచ్చేసింది. కోస్తా జిల్లాల్లో కాలవ గట్ల మీద, మురుగు నీళ్లు నిలిచే చోట దట్టంగా పెరిగే పారాగడ్డి తెలియని పాడి రైతు ఉండడు. అదీ బ్రాకియారియా జాతిదే. పుట్టిల్లు ఆఫ్రికా అయినా, పేరు బ్రెజిల్‌లోని పారా రాష్ట్రానిది. మన ఎద్దు అటెళ్లింది, వాళ్ల పేరు మోసుకుని గడ్డి ఇటొచ్చింది. కొబ్బరితోటల్లో వేసే గినీ గడ్డి మొంబాసాకు చుట్టం. రాయలసీమ బీళ్లలో చల్లే స్టైలో చుట్టాలనే అక్కడ బ్రాకియారియాతో కలిపి పెంచుతారు.

ఏడు శాతం సూత్రం కూడా ఇక్కడా అక్కడా ఒకటే. మన వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. వేసవిలో గాటి నిండా వరిగడ్డి వేసినా గేదె చిక్కిపోవడం, సూడికి నిలవకపోవడం అందుకే. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచి, తర్వాత ఆరబెట్టి మేపమని పశువైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. చేసేవాళ్లు తక్కువ. యూరియా పేరు వినగానే భయం. ఆ భయం పూర్తిగా తప్పూ కాదు, దగ్గరుండి ఒకసారి చేయించుకుని నేర్చుకోవాల్సిన పని అది. ఆరు నెలల లోపు దూడలకు ఆ గడ్డి పెట్టకూడదు.

బ్రెజిల్‌లో ఇప్పుడు జరుగుతున్న మార్పు గడ్డిలో కాదు, చెవిలో. దేశంలోని ప్రతి పశువుకూ విడిగా ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చే పథకాన్ని 2024 డిసెంబరులో ప్రకటించారు. 2032 చివరికల్లా అన్నిటికీ పూర్తి కావాలన్నది లక్ష్యం. కొనేవాళ్లకు ఆ పశువు ఏ పొలంలో పుట్టిందో, అక్కడ అడవి నరికారో లేదో తెలియడం కోసం అంటున్నారు. లెక్కల పుస్తకం ఉన్న రైతులు మాత్రం ఆ బిళ్లను ఇంకో పనికి ముందే వాడుకుంటున్నారు. ఏప్రిల్‌లో పరీక్ష దగ్గర ఆవు నిలబడగానే చెవి నంబరు చూసి, పోయినేడు ఈనిందా లేదా అని పేజీ తిప్పుతున్నారు.